జెస్ భయం ఎక్కడికి పోయింది? ‘బ్రిడ్జ్ టు టెరబిథియా’లో ఒక పిల్లవాడు ఎదిగిన తీరు

‘బ్రిడ్జ్ టు టెరబిథియా’ గురించి ఎవరు మాట్లాడినా ముందు చెప్పేది చావు గురించే. లెస్లీ అనే పదేళ్ల అమ్మాయి చనిపోతుంది, ఆమె స్నేహితుడు జెస్ ఆ దుఃఖాన్ని ఎలా తట్టుకున్నాడన్నదే కథ, కాబట్టి పిల్లలకి చావు గురించి చెప్పాలంటే ఈ పుస్తకం ఇవ్వండి అని ఒక ముద్ర పడిపోయింది. అందులో తప్పేమీ లేదు. కానీ ఈ నవలలో మొత్తం 13 అధ్యాయాలుంటే, లెస్లీ చనిపోయిందన్న మాట మనకి తెలిసేది 10వ అధ్యాయం చివర్లో. అప్పటిదాకా నడిచిన కథంతా ఆ చావు కోసం ఎదురుచూడటమేనా? కాదు. మొదటి పేజీ నుంచీ ఈ పుస్తకం జెస్ భయం గురించి మాట్లాడుతూనే ఉంది. నీళ్లంటే భయం, నాన్నంటే భయం, నలుగురిలో నవ్వులపాలవుతానేమో అన్న భయం, అన్నిటికంటే ఎక్కువగా తను పిరికివాణ్ణేమో అన్న భయం. లెస్లీ మరణం ఈ భయాల మధ్యలోకి వచ్చి పడింది కాబట్టే జెస్‌ని అంతగా కుదిపేసింది. అలా చదివితే చివరి అధ్యాయానికి అర్థమే మారిపోతుంది.

రాసింది క్యాథరిన్ పాటర్సన్. 1932లో చైనాలో, మిషనరీ తల్లిదండ్రులకి పుట్టిన అమెరికన్ రచయిత్రి. 1974లో ఆమె కొడుకు డేవిడ్ ప్రాణస్నేహితురాలు, ఎనిమిదేళ్ల పాప, పిడుగు పడి చనిపోయింది. అదే ఏడాది పాటర్సన్‌కి క్యాన్సర్ ఆపరేషన్ కూడా అయింది. కొడుకు ప్రశ్నలకి తన దగ్గర జవాబు లేక, ఏదో ఒక అర్థం వెతుక్కోవడానికి రాయడం మొదలుపెట్టానని ఆమె తర్వాత చెప్పింది. తీరా ఆ అమ్మాయి చనిపోయే చోటుకి వచ్చేసరికి కలం ఆగిపోయింది. నువ్వు తప్పించుకు తిరుగుతున్నది ఆ పాప చావు నుంచి కాదేమో, నీ చావు నుంచేమో అని ఒక స్నేహితురాలు అన్నాక గానీ ఆ అధ్యాయం పూర్తికాలేదట. నవల 1977లో వచ్చింది, 1978లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ అందుకుంది. పిల్లవాడి భయం గురించిన పుస్తకాన్ని రాసిన మనిషి కూడా భయపడుతూనే రాసిందన్నమాట, అది ఆ పేజీల్లో కనిపిస్తుంది.

కథ జరిగేది వర్జీనియా రాష్ట్రంలో ఒక పల్లెటూరు, వాషింగ్టన్‌కి మరీ దూరం కాదు. జెస్ ఆరన్స్ ఇంట్లో ఐదుగురు పిల్లలు, నలుగురు ఆడపిల్లల మధ్య ఒక్కడే మగపిల్లాడు. పైన ఇద్దరు అక్కలు పని ఎగ్గొట్టి తిరుగుతారు, కింద మే బెల్, జాయిస్ ఆన్ అనే ఇద్దరు చిన్న చెల్లెళ్లు. ఆవు పాలు పిండటం, తోటపని వీడి నెత్తినే. నాన్న రోజూ పాత పికప్ ట్రక్కులో వాషింగ్టన్ దాకా పోయి కూలిపని చేసి అలసిపోయి వస్తాడు. చిన్న చెల్లెళ్లని ఎత్తుకుని ముద్దు చేస్తాడు, జెస్‌ని మాత్రం దగ్గరికి తీసుకోడు, పెద్దవాడయ్యాడు కదా అని. ఇది జెస్ మనసులో ముల్లులా ఉంటుంది, ఎవరితోనూ అనడు. పెద్దయ్యాక ఆర్టిస్ట్ అవుతానని ఒకటో తరగతిలో ఉన్నప్పుడు చెప్తే నాన్న కోపంతో ఆ స్కూల్లో ఏం నేర్పుతున్నారని మండిపడ్డాడు. అప్పటినుంచి జెస్ తన బొమ్మలు ఆయనకి చూపించడం మానేశాడు.

మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లో వివరించిన ఎదుగుదల దశల్లో, సుమారు ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య వయసుకి ప్రధానమైన పోరాటం ఒకటుంది: నాకూ ఒక పని బాగా వచ్చు అన్న నమ్మకం ఒకవైపు, నేను ఎందుకూ పనికిరాను అన్న న్యూనత మరోవైపు. జెస్‌కి బాగా వచ్చిన పని బొమ్మలు వేయడం, దానికి ఇంట్లో విలువ లేదు. కాబట్టి విలువ దొరికే ఇంకో పని వెతుక్కున్నాడు. ఐదో తరగతి మొదలయ్యేసరికి స్కూల్లో అందరికంటే వేగంగా పరిగెత్తేవాణ్ణవ్వాలి, అప్పుడైనా నాన్న గర్వపడతాడు అని వేసవంతా తెల్లవారకముందే లేచి ఆవుల బీడులో పరుగు ప్రాక్టీస్ చేస్తాడు. మొదటి రోజే కొత్తగా వచ్చిన అమ్మాయి, లెస్లీ బర్క్, అందరినీ దాటేస్తుంది. వేసవంతా కట్టుకున్నది ఒక్క నిమిషంలో పోయింది. ఇక్కడ పాటర్సన్ చేసిన మంచి పనేమిటంటే, ఓడిపోయిన జెస్‌కి వెంటనే జ్ఞానోదయం కలిగించలేదు. వాడు కొన్ని రోజులు లెస్లీని తప్పించుకు తిరుగుతాడు. ఆ వయసు పిల్లలు నిజంగా చేసేది అదే.

వీళ్లిద్దరూ స్నేహితులయ్యాక జరిగేదాన్ని అర్థం చేసుకోవడానికి హ్యారీ స్టాక్ సల్లివన్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ చెప్పిన మాట బాగా పనికొస్తుంది. కౌమారం మొదలవడానికి కాస్త ముందు, ఎనిమిదిన్నర, తొమ్మిది, పదేళ్ల ప్రాంతంలో, పిల్లలకి మొదటిసారి ఒక ప్రాణస్నేహితుడు కావాల్సి వస్తాడని, అవతలివాడి సంతోషం తన సంతోషమంత ముఖ్యమయ్యేది అప్పుడేనని, ఇంట్లో తగిలిన దెబ్బల్ని కొన్నిటిని ఆ స్నేహం మాన్పగలదని ఆయన రాశాడు. ఆయన దృష్టిలో ఉన్నది ఎక్కువగా ఆడపిల్లల మధ్య, లేదా మగపిల్లల మధ్య స్నేహాలు. పాటర్సన్ దాన్ని అమ్మాయికీ అబ్బాయికీ మధ్య పెట్టి, ప్రేమకథ వైపు ఒక్క అడుగు కూడా వేయకుండా నడిపించింది. అక్కలు ఏడిపిస్తారు, స్కూల్లో గుసగుసలాడతారు, ఆ ఇద్దరు పిల్లలు మాత్రం పట్టించుకోరు.

లెస్లీ ఇంట్లో టీవీ లేదు. అమ్మానాన్న ఇద్దరూ రచయితలు, డబ్బున్నవాళ్లు, కావాలనే పల్లెకి వచ్చారు. క్లాసులో లెస్లీ సముద్రం లోపల ఈదడం గురించి రాసిన వ్యాసాన్ని టీచర్ పైకి చదువుతుంటే జెస్‌కి ఊపిరాడదు, చెమట పడుతుంది, తనే నీళ్ల అడుగున ఉన్నట్టు. భయంగానూ ఉంది, వెళ్లాలనీ ఉంది. చిన్న సన్నివేశం, చాలామంది గమనించకుండా దాటేస్తారు, కానీ పుస్తకం మొత్తం ఇందులో ఉంది.

వాగు అవతల అడవిలో వాళ్లిద్దరూ కట్టుకున్న ఊహారాజ్యమే టెరబిథియా. వాగు మీదుగా వేలాడే పాత తాడు పట్టుకుని ఊగి అవతలికి దూకితేనే అందులోకి ప్రవేశం. జెస్ రాజు, లెస్లీ రాణి. ఆటలో పిల్లవాడు తన రోజువారీ ప్రవర్తన కంటే ఒక మెట్టు పైన, తన కంటే ఒక తల ఎత్తు ఎక్కువగా ఉంటాడని రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ అన్నాడు. ఇంట్లో ఎవరూ మాట వినని జెస్, టెరబిథియాలో రాజుగా మాట్లాడటం నేర్చుకుంటాడు. మొదట్లో నోరు తిరగదు, రాజులు ఎలా మాట్లాడతారో వాడికి తెలియదు, లెస్లీ పుస్తకాలిచ్చి నేర్పుతుంది. ఆ రాజ్యానికి శత్రువులు కూడా స్కూల్లోంచే వస్తారు. చిన్నపిల్లల్ని ఏడిపించే జానిస్ ఏవరీ అనే ఏడో తరగతి పిల్ల వాళ్ల ఆటలో రాక్షసి. దొంగ ప్రేమలేఖ రాసి దాని పరువు తీస్తారు, గెలిచామనుకుంటారు.

తర్వాత ఒకరోజు ఆ రాక్షసి బాత్‌రూంలో ఏడుస్తూ వినిపిస్తుంది. దాని నాన్న దాన్ని కొడతాడు, ఆ సంగతి నమ్మి చెప్పుకుంటే స్నేహితురాళ్లు స్కూలంతా చాటారు. లోపలికి వెళ్లడానికి లెస్లీ వెనకాడితే, అందరి గురించీ పట్టించుకోవాలని నాకు చెప్పేదానివి నువ్వే కదా అని పంపించేది జెస్. ఏడెనిమిదేళ్ల పిల్లలకి మంచివాళ్లు వేరు, చెడ్డవాళ్లు వేరు. ఒకే మనిషిలో రెండూ ఉంటాయని, తనని కొట్టినవాణ్ణి ఇంకెవరో కొడుతుండొచ్చని పట్టుబడేది ఇంకొంచెం పెద్దయ్యాకే. ఆ అడుగు జెస్ వేసేటప్పటికి లెస్లీ బతికే ఉంది. వాడు ఎదిగింది ఆమె చావుతోనే అనేవాళ్లు ఈ అధ్యాయం మళ్లీ చదవాలి.

ఈస్టర్‌కి లెస్లీ వీళ్లతో చర్చికి వస్తుంది. వాళ్లింట్లో ఆ అలవాటు లేదు, తనకి ఆ కథంతా అందంగా అనిపిస్తుంది. జెస్‌కీ మే బెల్‌కీ అది అందంగా ఉండదు, నమ్మకపోతే నరకానికి పోతారన్న భయమే ఉంటుంది. నమ్మని నువ్వు చచ్చిపోతే ఎలా అని ఆరేళ్ల మే బెల్ బెంగపడుతుంది. ఇలాంటి మతపరమైన ప్రస్తావనల వల్లా, తిట్టుమాటల వల్లా అమెరికాలో చాలా స్కూళ్లలో ఈ పుస్తకం మీద అభ్యంతరాలొచ్చాయి. తీసేయమన్నవాళ్లు గమనించని సంగతేమిటంటే, ఆ భయాన్ని పిల్లల తలలో పెట్టింది ఈ పుస్తకం కాదు, వాళ్ల చుట్టూ ఉన్న పెద్దవాళ్లు.

ఇప్పుడు అసలు చోటు. ఈస్టర్ తర్వాత వారం వానలు ఆగవు, వాగు ఉప్పొంగుతుంది, లెస్లీ మాత్రం ఆ తాడు పట్టుకుని దూకుతూనే ఉంటుంది. జెస్‌కి ఈత రాదు. ఒక రాత్రి పడుకుని ఆలోచిస్తాడు: నాలో ఏదో ముక్క తక్కువగా పుట్టాను, ధైర్యం లేకుండా బతకడం కంటే చెయ్యి లేకుండా పుట్టినా నయం. అలా తిట్టుకుంటూనే ఒక నిర్ణయానికి వస్తాడు. వాగు తగ్గేదాకా నేను రాలేనని రేపు పొద్దున లెస్లీతో చెప్పేస్తాను, ఈ వేసవిలో ఈత నేర్పమని అడుగుతాను. తనకి భయమేస్తోందని ఒక మనిషి ముందు ఒప్పుకోవడానికి సిద్ధపడ్డాడు. ఈ పిల్లవాడి జీవితంలో అంతకంటే ధైర్యమైన పని ఇంకోటి లేదు. తెల్లారగానే ఫోన్ మోగుతుంది. వాడికి ఎంతో ఇష్టమైన మ్యూజిక్ టీచర్ మిస్ ఎడ్మండ్స్, వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీ అనే చిత్రకళా మ్యూజియం చూపిస్తాను రమ్మంటుంది. సగం నిద్రలో ఉన్న అమ్మ దగ్గర ఊఁ అనిపించుకుని వెళ్లిపోతాడు. లెస్లీని కూడా తీసుకెళ్దామని అడగాలన్న ఆలోచన కారు బయల్దేరాక గానీ రాదు. వచ్చాక కూడా, టీచర్‌తో తానొక్కడే ఉన్నందుకు లోపల సంతోషపడతాడు. పైగా ఆ రోజుకి వాగు దాటే పని తప్పింది. ఆ పొద్దున వాడు టీచర్‌తో వెళ్లిపోయాక లెస్లీ ఒంటరిగా వెళ్లింది, తాడు తెగింది. ఆ అధ్యాయానికి పాటర్సన్ పెట్టిన పేరు ‘ద పర్ఫెక్ట్ డే’.

పిల్లల్లో అపరాధ భావం గురించి మాట్లాడేటప్పుడు మామూలుగా చెప్పేది చిన్నపిల్లల ఊహల గురించి. నాలుగైదేళ్ల పిల్లవాడు తమ్ముడి మీద కోపంతో పోతే బాగుండును అనుకుంటాడు, తమ్ముడికి జ్వరమొస్తే తనవల్లే అనుకుంటాడు. అలాంటప్పుడు నీ తప్పేమీ లేదు నాన్నా అని దగ్గరికి తీసుకుంటే సరిపోతుంది. జెస్‌ది ఆ రకం కాదు. పదేళ్లవాడి బుద్ధి కారణాన్నీ ఫలితాన్నీ వరసగా పేర్చగలదు: అడిగుంటే వచ్చేది, వచ్చుంటే చచ్చిపోయేది కాదు. లెక్క కరెక్టే. అందుకే ఆ బాధ ఓదార్పు మాటలకి లొంగదు. భయమేస్తోందని చెప్పాలనుకున్న మాట కూడా గొంతులోనే ఉండిపోయింది, చెప్పడానికి ఇక మనిషి లేదు. ఈ నవల చావు గురించిన మిగతా పిల్లల కథలకంటే లోతుగా తగిలేది ఇందుకే. దుఃఖం కంటే చెప్పలేకపోయిన మాట బరువు ఎక్కువ.

ఆ వార్త వాడికి చేరే తీరు చూడండి. ఇంట్లోకి అడుగుపెట్టగానే అక్క బ్రెండా, నీ స్నేహితురాలు చచ్చిపోయింది, నువ్వూ చచ్చావనుకుంది అమ్మ అని మొహం మీదే అనేస్తుంది. జెస్ వాదిస్తాడు. లెస్లీకి ఈత వచ్చు, ఆ తాడు తెగదు, మీరు అబద్ధం చెప్తున్నారు. పరిగెత్తుకుంటూ రోడ్డున పడతాడు. నాన్న ట్రక్కులో వెంటబడి, వాణ్ణి పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెస్తాడు. మర్నాడు పొద్దున వాడు కడుపునిండా పాన్‌కేకులు తింటాడు. నువ్వు ఏడవవా అంటుంది బ్రెండా.

ఆ పాన్‌కేకుల దగ్గర చాలామంది పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు, పిల్లవాడికి బాధ లేదా, అర్థం కాలేదా అని. అర్థం కాకపోవడం కాదు. చావంటే తిరిగి రాకపోవడం, అందరికీ జరిగేది, శరీరం పనిచేయకపోవడం అన్న మూడు సంగతులూ ఎప్పుడు తెలుస్తాయని మనస్తత్వ శాస్త్రంలో చాలా పరిశోధన జరిగింది. 1948లో మారియా నాగీ హంగేరీ పిల్లలతో చేసిన అధ్యయనంలో పూర్తి అవగాహన తొమ్మిదేళ్ల ప్రాంతంలో వస్తుందని తేలితే, తర్వాతి పరిశోధకులు చాలామంది పిల్లలకి ఐదు నుంచి ఏడేళ్ల మధ్యే వస్తుందన్నారు. ఎలా చూసినా జెస్‌కి తెలుసు. తెలిసినదాన్ని మనసు ఒకేసారి మోయలేదు, కాసేపు మోసి కాసేపు కింద పెడుతుంది, పిల్లల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. అప్పుడే ఏడ్చిన పిల్ల పావుగంటలో ఆటకి పోవడం అందరూ చూసేదే. తన స్నేహితురాలు చనిపోయింది కాబట్టి రేపు స్కూల్లో అందరూ తనని ప్రత్యేకంగా చూస్తారనీ, ఇప్పుడు ఐదో తరగతిలో అందరికంటే వేగంగా పరిగెత్తేది తనేననీ జెస్‌కి ఆలోచనలు వస్తాయి. ఇలాంటివి రాయడానికి రచయితకి చాలా నిజాయితీ కావాలి. ఇలాంటి ఆలోచన వచ్చి, తను దుర్మార్గుణ్ణేమో అని కుమిలిపోయే పిల్లవాడికి ఆ ఒక్క పేజీ చాలు.

కొన్ని స్కూల్ గైడ్లు జెస్ దుఃఖాన్ని ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్ట్ చెప్పిన ఐదు దశల్లో (నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం) కుదించి వర్క్‌షీట్లు చేస్తాయి. ఆమె 1969లో ఆ దశలు వివరించింది చావుకి దగ్గరైన రోగుల గురించి. జెస్ విషయంలో అవి వరసగా రావు. నమ్మకపోవడం, కోపం, మళ్లీ నమ్మకపోవడం, సిగ్గు, మళ్లీ కోపం. లెస్లీని దహనం చేస్తారని తెలిసి కుతకుతలాడిపోతాడు, నన్నెవరూ అడగలేదు, తను నా మనిషి కదా అని. చెల్లెలు మే బెల్ శవాన్ని చూశావా అని అడిగితే మొహం మీద కొడతాడు. లెస్లీ క్రిస్మస్‌కి ఇచ్చిన రంగుల పెట్టె తీసుకుపోయి వాగులో విసిరేస్తాడు.

అప్పుడు నాన్న ఏం చేశాడన్నది ఈ పుస్తకంలో ఎక్కువమంది మర్చిపోయే విషయం, నిజానికి ఎదుగుదల గురించి పట్టించుకునేవాళ్లు ముందు చూడాల్సింది. వెంట వచ్చాడు. పారేసినందుకు తిట్టలేదు, పాఠం చెప్పలేదు. వాణ్ణి ఒళ్లోకి తీసుకుని కూర్చున్నాడు, ఇన్నాళ్లూ చెల్లెళ్లకే దక్కిన ఒడి. లెస్లీ నరకానికి పోతుందా అని వాడు అడిగితే, దేవుడు చిన్నపిల్లల్ని నరకానికి పంపడని తేల్చి చెప్పాడు. వేదాంతం తెలియని, చదువు పెద్దగా లేని మనిషి ఆ క్షణంలో పిల్లవాడికి కావాల్సిన ఒకే ఒక్క మాట చెప్పాడు. అలాగే పిల్లలంతా వెక్కిరించే క్లాస్ టీచర్ మిసెస్ మయర్స్. సోమవారం జెస్ స్కూలుకి వచ్చేసరికి లెస్లీ డెస్క్ అప్పటికే తీసేసి ఉంటుంది, వాడి ఒళ్లు మండుతుంది. ఆవిడ వాణ్ణి బయటికి పిలిచి, తన భర్త పోయినప్పుడు అందరూ ఏడవకు, మర్చిపో అన్నారని, తనకి మర్చిపోవాలని లేదని చెప్తుంది. పిల్లవాడి ముందు పెద్దమనిషి తన దుఃఖాన్ని దాచకుండా చెప్పడం వల్ల, వాడి దుఃఖానికి కూడా చోటు దొరికింది.

మన ఇళ్లలో ఇది కష్టంగానే జరుగుతుంది. తాత ఊరెళ్లాడు, దేవుడి దగ్గరికి పోయాడు, చుక్కల్లో ఉన్నాడు అంటారు. శ్మశానానికి తీసుకెళ్లరు, చాలాచోట్ల పిల్లల్ని పక్కింట్లోనో బంధువుల ఇంట్లోనో ఉంచేస్తారు. పదేళ్లు దాటిన మగపిల్లాడు ఏడిస్తే మగాడివి కాదా అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రేమతోనే చేస్తారు, సందేహం లేదు. కానీ నన్నెవరూ అడగలేదన్న జెస్ కోపం అలా దూరంగా ఉంచబడ్డ ప్రతి పిల్లవాడిదీ. శ్మశానానికి తీసుకెళ్లాలా వద్దా అన్నది ఇంటిని బట్టి ఉంటుంది, ఏం జరిగిందో సూటిగా చెప్పడం మాత్రం ఏ ఇంట్లోనైనా కుదురుతుంది.

నవలలో లోపాలు లేకపోలేదు. అమ్మ పాత్ర ఎప్పుడూ చిరాకుపడుతూ కనిపిస్తుందే గానీ లోపలికి చూసే అవకాశం మనకి రాదు. పెద్దక్కలిద్దరూ గొడవ చేయడానికే ఉన్నారు. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఒక అమ్మాయి చనిపోతే ఒక అబ్బాయి ఎదగడం. లెస్లీ తెలివైనది, ధైర్యవంతురాలు, దయగలది, అయితే ఆమెకి తనదైన భయం ఏముందో, కొత్త స్కూల్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఇంటికెళ్లి ఏం చేసేదో మనకి దాదాపుగా తెలియదు. కథంతా జెస్ కళ్లతో నడుస్తుంది కాబట్టి కొంతవరకు అది తప్పదు. అయినా చదివే అమ్మాయిలకి ఈ ప్రశ్న వస్తే దాన్ని కొట్టిపారేయకూడదు.

చివర్లో మే బెల్ అన్న వెనకాలే వచ్చి, వాగు మీద పడి ఉన్న చెట్టు మొద్దు మధ్యలో భయంతో బిగుసుకుపోతుంది. జెస్ పాకుతూ వెళ్లి దాన్ని తీసుకొస్తాడు. భయపడ్డానని ఏడుస్తుంటే, అందరికీ ఒక్కోసారి భయమేస్తుంది, సిగ్గుపడాల్సిన పనిలేదంటాడు. ఆ వానల రాత్రి లెస్లీతో చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఇదే. తన గురించి ఒప్పుకోలేకపోయినదాన్ని చెల్లెలి కోసం చెప్పగలిగాడు, దాంతో తన గురించి కూడా చెప్పుకున్నట్టయింది. వాడి భయం ఎక్కడికీ పోలేదు, ఆ మొద్దు మీదికి వెళ్లేటప్పుడూ ఉంది. మారిందల్లా దాని పక్కన ఉన్న సిగ్గు పోవడం. తర్వాత వాడు చేసిన పని కూడా ఆ మాటకి తగ్గట్టే ఉంది: తాడు కట్టలేదు, పలకలు తెచ్చి వంతెన వేశాడు. ధైర్యవంతులు మాత్రమే దూకి వెళ్లగల రాజ్యానికి, భయపడేవాళ్లు కూడా నడిచి వెళ్లే దారి.

2007లో వచ్చిన సినిమాకి స్క్రీన్‌ప్లే రాసినవాళ్లలో ఆ డేవిడ్ పాటర్సన్ ఒకడు, సినిమా మంచిదే, కానీ టెరబిథియా జీవుల్ని గ్రాఫిక్స్‌తో చూపించేసరికి పిల్లలు తమంతట తాము ఊహించుకోవాల్సింది తగ్గిపోయింది. ముందు పుస్తకం చదివించడం మేలు. తొమ్మిది, పదేళ్ల పిల్లలకి ఇవ్వొచ్చు, ఇంగ్లీషు మరీ కష్టం కాదు, వర్జీనియా పల్లె యాస కొంచెం అలవాటు పడాలి. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే పెద్దవాళ్లు ముందు చదివి, తర్వాత పక్కన కూర్చుని చదివించాలి. 10వ అధ్యాయం దగ్గర పిల్లలు పుస్తకం మూసేస్తే మూయనివ్వాలి, వాళ్లే మళ్లీ తెరుస్తారు.